తీ బటను నొక్కిన రోజు

ద్రాక్ష పందిరి కింద నుంచి చెల్లమ్మ నీళ్ళ బకెట్ పట్టుకుని, చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని, ఆకాశం వైపు చూస్తూ పరిగెత్తుకొస్తున్న ఆ క్షణంలోనే నాకు మొదటిసారి ఏదో తేడా కొట్టింది. తోటలో నీళ్ళ బకెట్ పట్టుకోవడం తప్పు కాదు. పరిగెత్తడమూ తప్పు కాదు. కానీ నీళ్ళు పట్టుకున్నవాళ్ళు ఎవరైనా కింద చూసి నడుస్తారు. ఈవిడ పైకి చూస్తోంది. పైన ఉన్నది ఒకటే, నేను రాసిన సాఫ్ట్‌వేర్‌ని కడుపులో పెట్టుకుని ఎగురుతున్న డ్రోన్.

తర్వాత అరగంటలో ఎంత ప్రళయం జరిగిందో చెప్తాను. నవ్వుతారేమో, నవ్వండి. మా ఇంట్లో అందరూ నవ్వేశారు, కంబం లోయలో సగం మంది నవ్వేశారు, మీరే మిగిలారు. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు, ఎవరూ లేచి నీళ్ళు అడగకపోతే మొత్తం రాసేస్తాను. నీళ్ళ మాట ఎత్తితేనే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి.

మాది కోయంబత్తూరు పక్కన తుడియలూరు. నేను అక్కడ ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాను. ఒకప్పుడు అందులో నీళ్ళ పంపులకి మోటార్లు చుట్టేవాళ్ళు. ఇప్పుడు యజమాని రంగరాజు సార్‌కి కొత్త గాలి సోకి, డ్రోన్ కింద తగిలించే కెమెరా పెట్టెలు చేయిస్తున్నారు. డ్రోన్ అనగానే అందరూ రెక్కలు చూసి నోరు తెరుస్తారు. శాస్త్రవేత్తలకి కావలసింది రెక్కలు కాదు, దాని కింద వేలాడే ఆ పెట్టె. మా పెట్టెలో రెండు కెమెరాలుంటాయి. ఒకటి మన కంటికి అందని వెలుతురులో ఆకుని చూస్తుంది. రెండోది ఆకు ఎంత వేడిగా ఉందో చూస్తుంది. నీళ్ళు చాలని ఆకు లోలోపల వేడెక్కుతుంది. అది వాడిపోయాక మనకి తెలుస్తుంది, పెట్టెకి ముందే తెలుస్తుంది.

ఆ పెట్టెకి బుద్ధులు చెప్పేది నా సాఫ్ట్‌వేర్. గాలికి డ్రోన్ ఊగినా కెమెరా తిన్నగా నేలనే చూడాలి. ఇన్ని అడుగులకి ఒక ఫోటో అంటే అన్ని అడుగులకే తీయాలి. తీసిన ప్రతి ఫోటో ఏ చోటుదో రాసుకోవాలి. ఇద్దరు పిల్లల్ని స్కూలుకి తయారుచేయడం లాంటి పనే, కాకపోతే పెట్టె బూట్లు ఎక్కడ అని అడగదు.

రెండో కానుపు తర్వాత ఈ పని ఇంటి నుంచే చేస్తున్నాను. మా చిన్నవాడు కణ్ణన్‌కి మూడేళ్ళు. నేను కనబడకపోతే ముద్ద మింగడు. బుగ్గలో దాచుకుని, నేనొచ్చేదాకా కూర్చుంటాడు. ఆ బుగ్గ తలుచుకుంటే నాకు గడప దాటబుద్ధి కాదు. ఈ సంగతి రంగరాజు సార్‌కి చాలాసార్లు చెప్పాను. ఆయన మంచివాడే, ఓపిక మాత్రం బ్యాటరీ లాంటిది, ఎప్పుడు అయిపోతుందో చెప్పలేం. ఒకరోజు ఫోన్ చేసి తేల్చేశారు.

"ఇంగ పారు రేవతీ, ఇటు విను, కంబంలో ఈ ఒక్క పరీక్ష సరిగ్గా జరిగిందా, నువ్వు ఇంట్లోనే కూర్చుని పని చేసుకో. తేడా వచ్చిందా, సోమవారం నుంచి పొద్దున తొమ్మిదికి వర్క్‌షాపులో నా కళ్ళ ముందర ఉండాల. సరియా?"

"సరి సార్," అన్నాను. కణ్ణన్ బుగ్గ కళ్ళ ముందు ఉబ్బింది.

పరీక్ష పెట్టింది ద్రాక్ష తోటల దాహం మీద పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్త. మేము మేడమ్ అంటాం. ఆవిడ షరతు ఒక్కటే. డ్రోన్‌ని, పెట్టెని నడిపించేది రైతే అయుండాలి. వారం వారం నగరం నుంచి ఎవరూ రాలేరు కదా. నేను పక్కన నిలబడచ్చు, నోరు విప్పచ్చు, వేలు మాత్రం పెట్టకూడదు.

ఆ రైతు ఎవరంటే, మా అత్త తమ్ముడు సీనప్ప మామ. కంబం దగ్గర ఆయనకి ద్రాక్ష పందిళ్ళున్నాయి. ఎన్ని తరాల కిందటో ఇటు వచ్చేసిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మామ ఈ మూడింటిలోనూ గట్టిగానే అరుస్తాడు.

మొదట బటన్లన్నీ ఇంగ్లీషులో రాసి పంపాను. మామ వీడియో కాల్ చేశాడు.

"ఏమ్మా, ఈ ట్రిగ్గర్ అంటే ఏంది? తుపాకీకి ఉండేది గదా?"

"కాదు మామా, ఫోటో తీసేది."

"ఫోటో తీసేదానికి తుపాకీ ఎందికమ్మా? పోలీసోళ్ళు వస్తే నువ్వు వచ్చి నిలబడతావా?"

సరే అని తమిళంలోకి మార్చాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, స్వచ్ఛమైన తమిళంలో, ఒక్కో బటను మీద ఒక్కో సమాసం. మామ మొదటి బటను సగం చదివేసరికి ఊపిరి అందలేదు.

"ఇది బటనా, కలెక్టరాఫీసు నోటీసా?"

"మరి ఎట్లా రాయమంటావు మామా?"

"మన ఇంట్లో మాట్లాడేది రాయి తల్లీ. సూడు అంటే సూస్తాను. తీ అంటే తీస్తాను. సాలు అంటే నిలిపేస్తాను. ఈ మాత్రానికి నువ్వు కాలేజీ సదవాల్నా?"

నాకు జ్ఞానోదయమైంది. అంతటి మనిషి చెప్పాక ఇంకేం? కానీ చిక్కేమిటంటే, మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళు వీధి వీధికీ ఉన్నారు, తెలుగు అక్షరాలు చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. నాకొచ్చాయంటే మా నాన్న ఆదివారాలు టీవీ ఆపేసి దిద్దించిన పుణ్యం. మామ చదివేది తమిళ అక్షరాలే. అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాశాను. మూడే బటన్లు. సూడు నొక్కితే కెమెరాలు లేచి, నేల వైపు తిరిగి సిద్ధంగా ఉంటాయి. తీ నొక్కితే ఫోటోలు తీయడం మొదలు. సాలు నొక్కితే పని ఆగిపోతుంది.

మీలో తమిళం వచ్చినవాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. దయచేసి పక్కవాళ్ళకి చెప్పకండి. నాకు తెలియడానికి పట్టినంత సేపైనా వాళ్ళకి పట్టనివ్వండి.

పరీక్షించకుండా పంపలేదు. మా అత్త పొయ్యి దగ్గరుంటే టాబ్లెట్ తీసుకెళ్ళి ముందు పెట్టాను.

"అత్తా, ఇది చదువు."

"సూడు," అని చదివింది. "ఏందే సూడాల? పాలు సూస్తానే ఉండా గదా."

"ఇది?"

"తీ. దేన్ని తీయాల? గిన్నె దించమంటావా?"

రెండూ పాస్. అత్తకి అర్థమైతే ప్రపంచానికి అర్థమైనట్టే అనుకున్నాను. ఆ సమయంలో మా పెద్దది మీను, ఒకటో తరగతి, నా పక్కన కూర్చుని టాబ్లెట్ చూస్తూ డ్రోన్ బొమ్మ గీస్తోంది. చక్కగా నాలుగు రెక్కలు, కింద పెట్టె, పెట్టె చుట్టూ ఎర్రటి మంటలు. పాపం, రాకెట్ అనుకుంటోంది అని, "బాగుంది తల్లీ," అన్నాను. ఆ కాగితాన్ని మడిచి నా బ్యాగులో పెట్టింది. ఈ బొమ్మని మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇక నా భయాల సంగతి. నేను గ్యాస్ కట్టేశానా అని చూడటానికి మూడుసార్లు వెనక్కి వెళ్ళే మనిషిని. రాసిన సాఫ్ట్‌వేర్‌కి నా పోలికలే వచ్చాయి. ఎండలో తెర కనబడదేమో అని ప్రతి బటనూ తన పేరు తానే పైకి చదివేలా చేశాను. మామ వినకపోతే? సూడు అన్నది తర్వాతి బటను నొక్కేదాకా ఐదు క్షణాలకొకసారి మళ్ళీ అంటుంది. ఫోటోలు నిజంగా పడుతున్నాయో లేదో అని మామ కంగారుపడితే? ఫోటో తీసిన ప్రతిసారీ తీ అంటుంది. ఎవరైనా పొరపాటున ఆపేస్తే? సాలు నొక్కితే మూడు ప్రశ్నలు అడిగిగానీ ఆపదు. అక్షరాలు తమిళం కాబట్టి చదివే గొంతు కూడా తమిళమే, బస్టాండులో బస్సుల పేర్లు చదివే ఆవిడలా, భూకంపం వచ్చినా తొణకని గొంతు.

పరీక్ష రోజు అందరం మామ ఇంట్లోనే దిగాం. పిల్లల్ని వదిలి వస్తే నాకు మనసు నిలవదని అత్తతో సహా మోసుకొచ్చాను. డ్రోన్ రెక్కలు తగులుతాయేమో అని మళ్ళీ వాళ్ళని ఇంట్లోనే ఉంచి, గడియ పెట్టించి, తోటకి వెళ్ళాను.

మేడమ్ తెల్లటి చొక్కాలో, తెల్లటి టోపీలో వచ్చింది. డ్రోన్ దిగే చోట ఒక బూడిద రంగు పలక పరిచింది. ఆ రోజు ఎండ ఎంత ఉందో కెమెరా ముందు ఆ పలకని చూసి తెలుసుకుంటుంది, తర్వాతే ఆకుల్ని చూస్తుంది. "దీని మీద వేలిముద్ర కూడా పడకూడదు," అని అందరికీ రెండుసార్లు చెప్పింది. తర్వాత పనిచేసే ఆడవాళ్ళని పిలిచి, తమిళంలో ఎంతో ఓపికగా చెప్పింది.

"భయపడకండి. ఈ యంత్రం పైనుంచి వేడిని చూస్తుంది. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ ఉందని చెప్తుంది."

ఆడవాళ్ళ మేస్త్రి చెల్లమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అట్లనా! మనం సూడలేనిది అది సూస్తుందా!" అన్నట్టు ఏదో తమిళంలో అని, యంత్రానికి దణ్ణం పెట్టింది. ఆ ఒక్క మాటతో ఆవిడకి నమ్మకం కుదిరిపోయింది. మేడమ్ ఆకుల వేడి చేత్తో కొలిచే పరికరం తీసుకుని తోట ఆ చివరికి వెళ్ళిపోయింది.

తెర తెరుచుకున్నప్పుడు వచ్చిన గొంతు సరిగ్గా వినబడక, మామ టాబ్లెట్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఏమ్మా, దోమ మాట్లాడినట్టుందే. ఉండు."

మామ తోటలో గొట్టం స్పీకరు ఒకటి ఉంది. కాయ కాసే రోజుల్లో చిలకల్ని తరమడానికి పందిరి గుంజ మీద కట్టింది. నేను "వద్దు మామా" అనేలోపు టాబ్లెట్‌కి దాని వైరు తగిలించేశాడు. వేలు పెట్టకూడదు కదా నేను. షరతు.

మామ మొదటి బటను నొక్కాడు.

"సూడు," అంది గొంతు. లోయంతా వినబడింది. కాయ లేని పందిరి మీద నుంచి కూడా చిలకలు లేచిపోయాయి.

రెండో బటను నొక్కాలంటే కళ్ళజోడు కావాలి. మామ జేబులు తడుముకుంటున్నాడు. "సూడు," అంది గొంతు. కళ్ళజోడు మోటారు గదిలో ఉందట. వెళ్ళాడు. "సూడు... సూడు... సూడు..." వరసల్లో ఆడవాళ్ళు చేతిపని ఆపి నిలబడ్డారు. మామ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి, మహా ఠీవిగా రెండో బటను నొక్కాడు.

"తీ," అంది గొంతు.

డ్రోన్ పలకని చూసుకుని, పైకి లేచి, పందిరి వరసల మీదుగా సాగింది. "తీ... తీ... తీ... తీ..."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గాలి కొట్టినా కెమెరా చలించలేదు. ఫోటో వెంట ఫోటో తెర మీద వచ్చిపడుతోంది. కణ్ణన్ బుగ్గ ఇక నా చేతి ముద్దకే తెరుచుకుంటుంది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే చెల్లమ్మ బకెట్‌తో పరిగెత్తుకొచ్చింది.

"ఎంగ? ఎంగ తీ?" ఎక్కడ, ఎక్కడ అని తమిళంలో అరుస్తోంది.

మామ తెలుగులోనే బదులిచ్చాడు. "ఏందమ్మా? అది ఫోటో తీస్తా ఉండాది. నువ్వెందికి పరిగెత్తేది?"

చెల్లమ్మకి తెలుగు రాదు. ఆ వాక్యంలో ఆవిడకి తెలిసిన అక్షరం ఒకటే. "తీ!" అని ఇంకా గట్టిగా అరిచి, డ్రోన్ ఏ వరస మీదుంటే ఆ వరసలో బకెట్ గుమ్మరించింది. డ్రోన్ పక్క వరసకి పోయి "తీ" అంది. అక్కడ ఇంకో ఆవిడ గుమ్మరించింది. డ్రోన్ ముందు, పదిమంది ఆడవాళ్ళు బకెట్లతో వెనక. అది ఎక్కడ తీ అంటే అక్కడ నీళ్ళు.

"ఏం మనుషులమ్మా!" అని మామ విసుక్కున్నాడు. "ఫోటో తీస్తే నీళ్ళు పోసేది ఏడన్నా ఉండాదా?"

అప్పుడు పక్క తోట నుంచి ముత్తు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఆ ట్రాక్టరు వెనక మైలుతుత్తం మందు కలిపిన పెద్ద తొట్టి, దానికి తుపాకీ లాంటి గొట్టం. బూజు తెగులుకి పొద్దున్నుంచీ కొడుతున్న నీలం మందు. "అన్నే! తీ పిడిచ్చిరుచ్చా?" అని అరిచాడు మామని.

తమిళంలో అడిగేసరికి మామ తల తమిళానికి తిరిగింది. మా తలలు అంతే, రెండు గదుల ఇల్లు లాంటివి, ఎవరు ఏ గుమ్మంలో పిలిస్తే ఆ గదిలోకి వెళ్ళిపోతాం. మామ తమిళ గదిలో నిలబడి టాబ్లెట్ వైపు చూశాడు. తమిళ అక్షరం. ఎర్ర బటను మీద ఇంత లావుగా.

"అయ్యయ్యో! మిషనే చెప్తా ఉండాది గదా! తీ అని రాసే ఉండాది! ముత్తూ, సీక్కిరం, తొందరగా!"

ఇప్పుడు చెప్తాను, ఇంతసేపూ ఓపిక పట్టినవాళ్ళకి. తమిళంలో సూడు అంటే వేడి. తీ అంటే నిప్పు.

ముత్తు అడిగింది నిప్పు అంటుకుందా అని. వేడిని పసిగట్టి చెప్పే యంత్రమని మేడమ్ స్వయంగా చెప్పింది. ఆ యంత్రం లోయంతా వినబడేలా, తొణకని గొంతుతో, "వేడి, వేడి, వేడి, వేడి" అని, ఆ తర్వాత "నిప్పు, నిప్పు, నిప్పు" అని తోటంతా తిరుగుతూ చెప్తోంది. ఆ ఆడవాళ్ళు చేసినదానిలో తప్పేముంది? నేనైనా అదే చేస్తాను. నేనైనా ఏమిటి, అదే చేశాను! మామ "తీ" అని తెర చూపించగానే నేనూ చూశాను. నేను రాసిన అక్షరం, నేను పూసిన ఎర్ర రంగు. చదవగానే నేనూ తమిళ గదిలోకి వెళ్ళిపోయాను. "మామా, బ్యాటరీ అంటుకుంది!" అని కేక పెట్టి, మోటారు గది పక్కన ఉన్న ఇసుక తట్ట ఎత్తుకుని పది అడుగులు పరిగెత్తాను. ప్రపంచంలో తన బటను చదివి తానే పారిపోయిన ఇంజనీరు నేను ఒక్కదాన్నే అయుంటాను.

పదకొండో అడుగులో వెలిగింది. తట్ట కింద పడేసి వెనక్కి పరిగెత్తాను.

"మామా! నిప్పు లేదు! తీ అంటే తీయడం! నువ్వు చెప్పిందే! సాలు నొక్కు!"

"ఏందీ?"

"సాలు మామా, సాలు!"

మామ నొక్కాడు. స్పీకరు నింపాదిగా అడిగింది: "నిజంగా సాలా?"

"అవునమ్మా, సాలు!" అని మామ స్పీకరు వైపు తలెత్తి అరిచాడు.

"దాంతో కాదు మామా, అవును అన్న బటను నొక్కు!"

నొక్కాడు. "బాగా ఆలోచించినావా?" అంది గొంతు.

"ఎవరమ్మా ఇట్లా రాసింది!"

"నేనే మామా! నొక్కు!"

ఈలోపు ఎవరి బకెట్‌లోవో నీళ్ళు టాబ్లెట్ మీద చిందాయి. తడి తెర మీద మామ వేలు జారిపోతోంది. అవును నొక్కితే కాదు మీద పడింది. "తీ... తీ..." మళ్ళీ మొదలు. షరతూ గిరతూ మర్చిపోయి నా పైటతో తెర తుడిచి, నేనే నొక్కాను. నిజంగా సాలు. బాగా ఆలోచించినాను. మూడో ప్రశ్నకి తెర మళ్ళీ మొరాయించింది.

అప్పటికే డ్రోన్ తన వరసలన్నీ ముగించి, నేర్పిన పిల్లలా పలక దగ్గర దిగుతోంది. దిగేటప్పుడు ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటుంది. ముత్తుకి ఇంకేం సాక్ష్యం కావాలి? గొట్టం అటు తిప్పాడు. తోట ఆ చివర నుంచి "ఎంగ తీ? ఎంగ తీ?" అంటూ వచ్చిన మేడమ్‌కి మాత్రం పరిస్థితి కాదు, పలక కనబడింది. "ప్యానెల్! ప్యానెల్ మేల పడక్కూడాదు!" అని రెండు చేతులూ చాచి పలక ముందు నిలబడింది.

మందు వచ్చింది.

డ్రోన్ నీలం. పెట్టె నీలం. పలక నీలం. తెల్ల చొక్కా, తెల్ల టోపీ, మేడమ్ కనుబొమ్మలు, అన్నీ నీలం. ముత్తు మోటారు ఆపాడు. అందరి మీద నుంచీ నీలం చుక్కలు కారుతున్నాయి.

"కడసారిగా అడుగుతున్నా," అంది స్పీకరు. "సాలా?"

చెల్లమ్మ ఖాళీ బకెట్ కింద పెట్టి, దానికి చేతులు జోడించింది. "పోదుం తాయీ," అంది. చాలు తల్లీ, అని. ఆ మూడో ప్రశ్నకి జవాబిచ్చింది ఆవిడే.

మామ ముందు మేడమ్‌ని మోటారు గది దగ్గర పంపు కింద కూర్చోబెట్టి కళ్ళూ ముఖం బాగా కడిగించాడు. తర్వాత ముత్తు కడుక్కున్నాడు, తర్వాత నేను. కళ్ళలోంచి కారేది మందు నీళ్ళో మామూలు నీళ్ళో తెలియకుండా, ఆవిడకి మొత్తం వివరించాను. ఇది తెలుగు మాటండి, అది తమిళ అక్షరం అండి, మా అత్త పాస్ చేసిందండి. అత్త ప్రస్తావన తెచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మేడమ్ కెమెరాలోని కార్డు తీయించి, తన కంప్యూటర్లో పెట్టింది.

ఫోటోలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా తప్పిపోలేదు. ప్రతి ఫోటోలో ఒక బకెట్, పైకి చూస్తున్న ఒక ముఖం. నేను ఇసుక తట్టతో పరిగెడుతున్నది కూడా ఉంది, ఏ చోటో, ఏ క్షణమో రాసి మరీ. మేడమ్ వేడి కెమెరా ఫోటోలు తెరిచింది. చాలాసేపు చూసింది. నీళ్ళు పడిన వరస చల్లగా నల్లగా, పడని వరస వెలుతురుగా, మధ్యలో గీత గీసినట్టు అంచు.

"కెమెరా పాస్," అంది చివరికి. నీలం కనుబొమ్మలు పైకి లేచాయి. "బటన్లు ఫెయిల్. కొత్త పలక తెప్పించాక మళ్ళీ ఎగరేద్దాం. అప్పటికి మాటలు మార్చు. నాకు కాదు, ముందు చెల్లమ్మకి చూపించు. ఆవిడ సరే అంటేనే నా దగ్గరికి రా."

రంగరాజు సార్‌కి నేను చెప్పేలోపే ఎవరో చెప్పేశారు. ఫోన్ ఎత్తగానే, "ఏం రేవతీ, నిప్పు ఆరిందా?" అన్నారు.

"సార్, ఫోటోలు బాగా వచ్చాయి సార్. సోమవారం నుంచి వర్క్‌షాపుకి రావాలా సార్?"

అటు పక్క వెల్డింగ్ చిటపటలు వినబడుతున్నాయి.

"వద్దమ్మా. ఇక్కడ వెల్డింగ్ జరగతా ఉండాది. నువ్వు వచ్చి ఫోటో తీ అని ఒక మాటన్నావంటే మావాళ్ళు గోడ దూకుతారు. ఇంట్లోనే ఉండు. నువ్వు ఇంట్లో ఉంటేనే అందరికీ క్షేమం."

నేను అంతగా కోరుకున్నది దక్కింది. ఇంత అవమానంగా దక్కుతుందని మాత్రం అనుకోలేదు. ఆ సంతోషంతో ఇంటికి పరిగెత్తాను, కణ్ణన్ బుగ్గ ఎట్లా ఉందో అని. వాడు కిటికీ ఎక్కి, తోటలో నీళ్ళ పండగ చూస్తూ, అత్త చేతి ఇడ్లీలు మూడు మింగేశాడట. ఇంకొకటి అడిగాడట. నేను గుర్తే రాలేదట. ఇది రంగరాజు సార్‌కి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

మర్నాడు పొద్దున ఇడ్లీలు తింటుంటే మీను నా బ్యాగులోంచి మడిచిన కాగితం తీసి నా పళ్ళెం పక్కన పరిచింది. నాలుగు రెక్కలు, పెట్టె, చుట్టూ ఎర్ర మంటలు.

"నేను అప్పుడే గీసినా గదమ్మా," అంది.

"ఏం గీసినావు?"

"నీ టాబ్లెట్‌లో తీ అని రాసి ఉండింది. మా క్లాసులో చెప్పినారు, తీ అంటే నిప్పు. అందుకే డ్రోన్‌కి నిప్పు పెట్టినా. నువ్వు బాగుంది తల్లీ అన్నావు."

మా అత్త చట్నీ గరిటెతో అట్లాగే ఆగిపోయింది. మామ గట్టిగా దగ్గాడు. ఒకటో తరగతి పిల్ల చదివి, అర్థం చేసుకుని, రంగులేసి మరీ చేతికిచ్చిన హెచ్చరికని నేను మడతపెట్టి కంబం దాకా మోసుకొచ్చానన్నమాట.

"సరే, తీ తీసేస్తాను," అన్నాను పరువు కాపాడుకుంటూ. "ఫోటో పట్టు అని రాస్తాను. పట్టు. ఎట్లా ఉంది?"

మీను కళ్ళు మెరిశాయి. "పట్టు అంటే పట్టు పావడాల పట్టా? డ్రోన్ పట్టు పావడా తెస్తుందా?"

నేను ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టి, కుడి చెయ్యి చాచి, అత్త, మామ, చట్నీ గిన్నె సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ భాష మాటనైనా ఆ భాష అక్షరాల్లోనే రాస్తాను, లేకపోతే అసలు రాయను. పాల గిన్నె పొయ్యి మీదుండగా ఎవరికీ పరీక్ష పెట్టను. ఒకటో తరగతి దాటినవాళ్ళ అభిప్రాయాన్ని పూర్తిగా నమ్మను. కణ్ణన్ కూడా నన్ను చూసి చెయ్యి చాచాడు, ఏం ప్రమాణమో తెలియకపోయినా, బుగ్గలో ఇడ్లీతో.

తర్వాత పిల్లలిద్దరినీ దగ్గరకి లాక్కుని చెప్పాను.

"ఇంక మాటలే వద్దు. బటన్ల మీద బొమ్మలు పెడతాను. కన్ను, కెమెరా, చాలు అనేదానికి చెయ్యి. మూడు బొమ్మలూ నువ్వే గీయి మీనూ, చెల్లమ్మ అవ్వకి మనిద్దరం కలిసే చూపిద్దాం. మంటలు మాత్రం పెట్టద్దు తల్లీ."